పాత మందిరము, కొత్త వెలుగు: సోలార్ పెట్టక ముందు సంఘము ఆలోచించవలసినవి

చదువవలసిన లేఖన భాగములు: రాజులు రెండవ గ్రంథము 12:4-15, ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 14:28-30.

పాఠము ఉద్దేశము: పితరులు కట్టిన మందిరమునకు హాని కలుగకుండ, సంఘములో చీలిక రాకుండ, సూర్యుని వెలుగును కరెంటుగా వాడుకొను మార్గమును నేర్చుకొనుట.



కరెంటు బిల్లు పెరిగినప్పుడెల్లా మన సంఘ కూటములలో ఒక మాట వినబడుచున్నది. "మందిరము మీద సోలార్ పెట్టిద్దాము" అని యౌవనస్థులు అందురు. "మా తాతలు కట్టిన గుడి మీద ఆ నల్ల అద్దాలేమిటి?" అని పెద్దలలో కొందరు అందురు. ఇరుపక్షముల మాటలోను న్యాయమున్నది. ఎండను మనకిచ్చినవాడు దేవుడే. ఆ మందిరము కట్టుటకు మన పెద్దలకు శక్తినిచ్చినవాడును ఆయనే. కాబట్టి ఎవరి నోరు పెద్దదైతే వారి మాట నెగ్గుట గాక, విషయము తెలిసికొని నిర్ణయించుట మంచిది. ఈ పాఠమును స్త్రీల సమాజములోను, యౌవనస్థుల కూటములోను, డీకన్ల కమిటీలోను చదివి చర్చించుకొనవలెనని కోరుచున్నాము.

1. మనకు చారిత్రక మందిరమనగా ఏది?

చారిత్రక కట్టడమనగానే కోటలు, రాజగోపురములు మనకు జ్ఞాపకము వచ్చును. దేవుడు చేతులతో కట్టిన ఆలయములలో నివసింపడని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో చదివియున్నాము. సంఘమనగా విశ్వాసులే గాని ఇటుకలు కావని బాప్తిస్టులమైన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను, సొంత ఊరు విడిచి వచ్చిన మనవంటి వారికి పాత మందిరము కేవలము ఇటుకలు కూడ కాదు.

బంగారు గనులలోను, రైల్వే కాలనీలలోను, ఓడరేవులలోను, మిల్లులలోను కూలికి వచ్చిన తెలుగువారు తమ జీతములలో నుండి అణా, బేడా తీసి కట్టిన మందిరములు అనేకమున్నవి. చుట్టు కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ వినబడు వీధిలో తెలుగు అక్షరములు చెక్కిన రాయి ఆ మందిరపు గోడలోనే యుండును. ఆ పట్టణములో మన పితరులు బ్రదికిరనుటకు అదియే సాక్ష్యము. వారి పిల్లల పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడినను చదువలేని స్థితికి వచ్చుచున్నారు. ఆ రాయి పోయిన యెడల చెప్పువారెవరు?

ప్రభుత్వపు పట్టికలో ఇటువంటి మందిరములు సాధారణముగా ఉండవు. పురావస్తు శాఖవారు వచ్చి వాటిని కాపాడరు. కాపాడవలసినవారము మనమే. అందుచేత, పెద్ద పెద్ద మందిరములున్న చోట సోలార్ విషయమును ఏలాగు తీర్మానించిరో చూచి నేర్చుకొనుట మనకు ప్రయోజనకరము.

2. ఇంగ్లాండులోని రెండు మందిరములు

ఇంగ్లాండు సంఘపు సర్వసభ 2020 ఫిబ్రవరిలో ఒక తీర్మానము చేసినది. 2030వ సంవత్సరము నాటికి తమ మందిరముల వలనను, పనుల వలనను గాలిలోనికి పోవు కర్బనమును నికరముగా సున్నకు తేవలెనని దాని సారాంశము. అయితే అక్కడి మందిరములలో వందల ఏండ్ల నాటివి వేలకొలది యున్నవి. వాటి మీద మేకు కొట్టవలెనన్నను అనుమతి కావలెను.

గ్లోస్టర్ పట్టణములోని కథీడ్రల్ పని 1089వ సంవత్సరములో ఆరంభమైనది. 2016లో దాని పైకప్పు మీద 150 సోలార్ ప్యానెళ్లు అమర్చిరి. పాతకాలపు క్రైస్తవ మందిరములు తూర్పు పడమరలుగా పొడవుగా కట్టబడుట వలన, పైకప్పు యొక్క ఒక వాలు దక్షిణమునకు తిరిగి యుండును. మన దేశములోను ఇంగ్లాండులోను సూర్యుడు ఎక్కువ కాలము దక్షిణపు వైపుననే సాగును గనుక ఆ వాలు సోలార్‌కు అనుకూలము. గ్లోస్టర్‌లో అంచుననున్న పిట్టగోడ చాటున ప్యానెళ్లు ఉండుట చేత క్రింద నిలువబడినవారికి కనబడవు. కరెంటు ఖర్చులో సుమారు నాలుగవ వంతు తగ్గునని అంచనా వేసిరి. అక్కడ పెద్ద తగవు లేకుండ పని జరిగినది.

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజి చాపెల్ సంగతి వేరు. ఆరవ హెన్రీ రాజు 1446లో దానికి పునాది వేయించెను. రాతి పని 1515 నాటికి ముగిసినది. విసనకఱ్ఱల వలె విచ్చుకొనిన దాని రాతి కప్పును చూచుటకు లోకమంతటి నుండి జనులు వత్తురు. పైనున్న సీసపు రేకులు పాడైపోగా కాలేజివారు వాటిని మార్చవలసి వచ్చెను. ఎటులైనను పరంజా కట్టి రేకులు విప్పుచున్నాము గనుక అదే సమయమున సోలార్ కూడ పెట్టుదుమని వారు అడిగిరి. చారిత్రక కట్టడముల విషయమై సలహానిచ్చు 'హిస్టారిక్ ఇంగ్లాండ్' సంస్థ అభ్యంతరము చెప్పినది. ఆ కట్టడపు రూపము చెడునని వారి భయము. ఇంత పేరుగల మందిరమే ముందడుగు వేసిన యెడల ఇతరులకు మాదిరి యగునని కాలేజివారి వాదము. 2023లో నగర పాలక సంఘము అనుమతినిచ్చెను. అదే సంవత్సరము చివర 438 ప్యానెళ్లు అమర్చిరి. సంవత్సరమునకు లక్ష యూనిట్లకు పైగా కరెంటు వచ్చునని లెక్క.

ఇక్కడ మనము ముఖ్యముగా గమనించవలసినది ఒకటి యున్నది. కేంబ్రిడ్జివారు మొదట పైకప్పు మరమ్మతు తలపెట్టిరి. సోలార్ దాని వెంట వచ్చినది. రాజైన యోవాషు కాలములో యాజకులు ఏండ్ల తరబడి మందిరపు మరమ్మతు చేయక విడిచిపెట్టిరి. అప్పుడు యెహోయాదా యాజకుడు పెట్టెకు రంధ్రము చేసి బలిపీఠము ప్రక్కన ఉంచెను. అందులో పడిన ద్రవ్యముతో వెండి పాత్రలు చేయింపలేదని, వడ్రంగులకు, కాసెపనివారికి ఇచ్చి మరమ్మతు చేయించిరని ఆ అధ్యాయము చెప్పుచున్నది. మరమ్మతు ముందు, మిగిలినవన్నియు తరువాత. వాన కారుచున్న కప్పు మీద సోలార్ పెట్టుట ఆ క్రమమును తలక్రిందులు చేయుటయే.

3. ఐదు ప్రశ్నలు

ఇంగ్లాండు సంఘమునకు సొంత న్యాయస్థానములున్నవి. డఫీల్డ్ అను ఊరిలోని సెయింట్ ఆల్క్‌మండ్ మందిరములో ఒక పాత తెరను కదిలించు విషయమై 2012లో తీర్పు వచ్చినది. ఆ వ్యాజ్యమునకు సోలార్‌తో సంబంధము లేదు. అయినను ఆ తీర్పులో పేర్కొనిన ప్రశ్నలను నేటి వరకు పాత మందిరములలో చేయు మార్పులకు కొలతబద్దగా వాడుచున్నారు. వాటిని మన మాటలలో ఇక్కడ ఇచ్చుచున్నాము.

మొదటిది: ఈ మార్పు వలన మందిరపు విశిష్టతకు హాని కలుగునా?

రెండవది: హాని లేని యెడల, ఉన్నది ఉన్నట్లు ఉండనిచ్చుటకన్న మార్చుటయే మేలని చూపగల కారణమున్నదా?

మూడవది: హాని ఉన్న యెడల, అది ఎంత పెద్దది?

నాలుగవది: ఆ మార్పు అవసరమని చెప్పు కారణము ఎంత స్పష్టముగా, ఎంత నమ్మదగినదిగా ఉన్నది?

ఐదవది: కలుగబోవు మేలు ఆ హానిని మించునా? హాని పెద్దదైన కొలది మేలు కూడ అంత పెద్దదై యుండవలెను.

ఈ ప్రశ్నలలో గొప్ప జ్ఞానమున్నది. "పాతది గనుక ముట్టరాదు" అనుటకు గాని, "కొత్తది గనుక మంచిది" అనుటకు గాని వీటిలో చోటు లేదు. మనకు అటువంటి కోర్టు లేదు. మన సంఘ సాధారణ కూటమే మన కోర్టు. డీకన్లు ఈ ఐదు ప్రశ్నలను కాగితము మీద వ్రాసి, ప్రతిదానికి జవాబు వ్రాసి, కూటములో చదివిన యెడల సగము తగవు అక్కడనే తీరును.

మన పితరుల మందిరములు కట్టినప్పుడు చాలవాటిలో కరెంటు లేదు. కోలారు బంగారు గనులకు శివనసముద్రము నుండి కరెంటు వచ్చినది 1902లో. లాంతరు వెలుగులో ఆరాధించిన మందిరములోనికి తీగెలు, ఫ్యాన్లు, మైకులు తరువాత వచ్చినవే. ఏ తరమువారు ఆ తరపు అవసరమును చేర్చుచునే వచ్చిరి. అందుచేత మార్పు అనునదే పాపము కాదు. తిరిగి సరిచేయలేని మార్పు విషయములోనే జాగ్రత్త కావలెను. ఇరువది ఐదేండ్ల తరువాత ప్యానెళ్లు తీసివేసినప్పుడు కప్పు మునుపటివలె ఉండునా? ఉండునన్న యెడల హాని స్వల్పము. కప్పు నిండ రంధ్రములు మిగులునన్న యెడల హాని పెద్దది.

4. మందిరము మీదనే పెట్టవలెనా?

2008లో వాటికన్‌వారు సుమారు 2,400 ప్యానెళ్లు పెట్టించిరి. పేరుపొందిన సెయింట్ పీటర్స్ గుమ్మటమును వారు ముట్టలేదు. 1971లో కట్టిన ఆరవ పాల్ సభామందిరపు కప్పు మీద పెట్టిరి. 2024 జూన్‌లో పోపు ఫ్రాన్సిస్, రోము పట్టణము వెలుపలనున్న శాంతా మరియా ది గలేరియా అను చోట వాటికన్‌కు చెందిన స్థలములో సోలార్ కేంద్రము నెలకొల్పి, దాని కరెంటును వాటికన్‌కు వాడవలెనని ఉత్తరువు ఇచ్చెను.

మన దేశములోను ఇటువంటి మాదిరి కలదు. షిర్డీలో 2009లో ఎండ వేడిమితో ఆవిరి పుట్టించి వంట చేయుటకు 73 పెద్ద అద్దపు పళ్లెములు అమర్చిరి. అవి ఉన్నది భోజనశాల కప్పు మీద. సమాధి మందిరము మీద కాదు. మతము వేరైనను వివేకము నేర్చుకొనదగినదే.

మన కాంపౌండులలో పాస్టరుగారి ఇల్లు, సండే స్కూలు హాలు, సంఘపు పాఠశాల, సైకిళ్ల షెడ్డు ఉండును. ఇవి ఇటీవల స్లాబు వేసి కట్టినవైన యెడల సోలార్‌కు మందిరము కన్న ఇవియే తగినవి. అక్కడ నుండి తీగె మందిరమునకు తెచ్చుట కష్టము కాదు. కాబట్టి మొదటి ప్రశ్న "మందిరము మీద ఏలాగు పెట్టవలెను?" అని గాక, "మందిరము కాక మరి యెక్కడ పెట్టవచ్చును?" అని ఉండవలెను.

5. గోపురము కట్టగోరినవాని లెక్క

గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను. మనమును కూర్చుండి లెక్క చూచెదము.

ఒక మధ్య తరగతి సంఘమును తీసికొందము. మందిరములో 20 ఫ్యాన్లు. పాత ఫ్యాను ఒకటి సుమారు 75 వాట్లు తీసికొనును. ఇరువదియు కలిసి 1,500 వాట్లు. అనగా గంటకు ఒకటిన్నర యూనిట్లు. ఆదివారపు ఆరాధన, వారము మధ్య ప్రార్థన, స్త్రీల కూటము, పాటల అభ్యాసము అన్నియు కలిపి నెలకు 40 గంటలు అనుకొనిన యెడల 60 యూనిట్లు. పాత ట్యూబులైట్లు 20, ఒక్కొక్కటి 40 వాట్లు, నెలకు 30 గంటలు వెలిగిన యెడల 24 యూనిట్లు. మైకులు, కీబోర్డు వగైరాలకు 500 వాట్లు చొప్పున 40 గంటలకు 20 యూనిట్లు. మొత్తము 104 యూనిట్లు.

ఇప్పుడు ఫ్యాన్లు మాత్రము మార్చి, సుమారు 30 వాట్లు తీసికొను బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు పెట్టిన యెడల 60 యూనిట్లు 24 అగును. ట్యూబులైట్ల స్థానమున 20 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టిన యెడల 24 యూనిట్లు 12 అగును. మొత్తము 56 యూనిట్లు. కప్పు మీద ఒక మేకైనను కొట్టకుండ ఖర్చు దాదాపు సగమాయెను.

ఒక కిలోవాట్టు సోలార్ మన ప్రాంతములలో రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇచ్చును. నెలకు సుమారు 120. నేడు అంగళ్లలో దొరకు 500 వాట్లకు పైబడిన ప్యానెళ్లయితే ఒక కిలోవాట్టుకు రెండు చాలును. వాటికి కావలసిన స్థలము సుమారు 100 చదరపు అడుగులు. గ్లోస్టర్‌కు 150, కేంబ్రిడ్జికి 438 కావలసి వచ్చెను గాని ఇటువంటి సంఘమునకు రెండు ప్యానెళ్లే చాలును. రెండు ప్యానెళ్ల కొరకు నూరేండ్ల కప్పు మీద మనుష్యులను ఎక్కించనేల? వెనుకనున్న గది మీదనే సరిపోవునే.

హాస్టలు, పాఠశాల, ఆసుపత్రి ఉన్న సంఘముల లెక్క వేరు. అక్కడ ప్రతిదినము పగలంతయు కరెంటు ఖర్చగును గనుక పెద్ద సోలార్ వలన నిజమైన లాభముండును. గత 12 నెలల బిల్లులను ముందు పెట్టుకొని లెక్క చూచుటయే దీనికి మార్గము. అమ్మవచ్చినవారు చెప్పు కిలోవాట్లను కాదు, మన బిల్లులోని యూనిట్లను నమ్మవలెను.

6. ఆదివారము కరెంటు పోయిన యెడల

ఈ సంగతి అనేకులకు తెలియదు. లైనుతో కలిపిన సోలార్ సాధారణముగా, వీధిలో కరెంటు పోయినప్పుడు తానును ఆగిపోవును. లైను మీద పని చేయుచున్న లైన్‌మ్యానుకు మన ప్యానెళ్ల కరెంటు తగిలి ప్రాణాపాయము కలుగకుండ ఇన్వర్టరులో ఆ ఏర్పాటు చేయబడినది. కాబట్టి నడినెత్తిన ఎండ కాయుచున్నను మందిరములో ఫ్యాను తిరుగదు. "సోలార్ పెట్టితిమి గదా, ఇదేమి?" అని ఆ తరువాత సణుగుట కన్న ముందుగానే తెలిసికొనుట మంచిది.

కరెంటు కోతల కొరకే సోలార్ కావలెనన్న యెడల బ్యాటరీ కూడ పెట్టవలెను. పైన చెప్పిన మందిరములో, కొత్త ఫ్యాన్లు, లైట్లు పెట్టిన తరువాత కూడ, ఆదివారము ఒకేసారి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు కావలెను. మూడు గంటలకు నాలుగున్నర యూనిట్లు. దానికి తగిన బ్యాటరీ ఖర్చుతో కూడినది. ప్యానెళ్లకన్న ముందుగా మార్చవలసి వచ్చునది.

ఇంకొక సంగతి. ఎండ ఏడు దినములు కాయును. మనము ఎక్కువగా వాడునది ఒకటి రెండు దినములే. మిగిలిన దినముల కరెంటు లైనులోనికి పోయి మన లెక్కలో జమ కావలెనన్న నెట్ మీటరింగ్ కావలెను. దాని నిబంధనలు, రేట్లు రాష్ట్రమునకొక విధముగా ఉన్నవి. కర్నాటకలోని సంఘము చేసినట్లు ఒరిస్సాలోని సంఘము చేయుటకు వీలుపడకపోవచ్చును. తమ తమ విద్యుత్ కార్యాలయములో అడిగి, జవాబు వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకపు సబ్సిడీ ఇండ్ల కొరకు ఉద్దేశింపబడినది. మందిరపు మీటరుకు అది వచ్చునని ఎవరైన చెప్పిన యెడల, ఆ మాట కాగితము మీద పెట్టి సంతకము చేయుమని అడుగుడి.

7. మందిరపు కప్పు మీదనే పెట్టవలసి వచ్చిన యెడల

వేరే చోటు లేనప్పుడు కప్పు ఎటువంటిదో మొదట చూడవలెను.

మంగళూరు పెంకుల కప్పు: 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిరి. ఆ తరహా పెంకులు మన పాత మందిరముల మీద విస్తారముగా కనబడును. పెంకు బరువు మోయదు. అడుగు వేసిన యెడల పగులును. ప్యానెళ్ల బరువు క్రిందనున్న వాసముల మీదనే పడునట్లు కొక్కెములు అమర్చవలెను. ముందుగా వడ్రంగిని ఎక్కించి వాసములను, దూలములను చెదలు తినలేదని చూపించుకొనవలెను. కొన్ని పాత పెంకులు దాచియుంచుట మంచిది. ఒక పెంకు పగిలిన యెడల అదే అచ్చు దొరకుట కష్టము.

మద్రాసు టెర్రాసు: దూలముల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో కట్టిన చదునైన కప్పు ఇది. దీనికి రంధ్రములు చేయరాదు. నీరు దిగినదా, దూలము లోలోపల కుళ్లును, పైకి తెలియదు. రంధ్రము లేకుండ దిమ్మెల బరువుతో నిలుపు పద్ధతి యున్నది గాని ఆ దిమ్మెల బరువును దూలములు మోయగలవో లేవో ఇంజనీరు చెప్పవలెను. సిమెంటుతో అతుకులు వేయుట కూడ తగదు; సున్నపు పనికి సున్నమే తగినది.

ఆస్‌బెస్టాస్ రేకులు: వీటికి రంధ్రము చేసిన యెడల లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము. రేకు కూడ పెళుసు; మనిషి కాలు వేసిన విరుగును. వీటి మీద సోలార్ తలపెట్టకుండుటయే మేలు.

తరువాత గాలి. ఒక పెద్ద ప్యానెల్ సుమారు 25 నుండి 30 కిలోల బరువుండును. అది క్రిందికి నొక్కు బరువు కన్న, తుపానులో పైకి లేపు గాలి ఎక్కువ ప్రమాదము. కోస్తా ఒరిస్సా, చెన్నై, ఆంధ్ర తీర ప్రాంతములలో కట్టడములను గంటకు 180 కిలోమీటర్ల గాలికి లెక్కించి కట్టవలెనని భారత ప్రమాణములు చెప్పుచున్నవి. 1996 నవంబరు తుపాను యానాము, కోనసీమలలోను, 1999 అక్టోబరు పెనుతుపాను, 2019 మే నాటి ఫణి తుపాను ఒరిస్సాలోను ఏమి చేసినవో అక్కడి మనవారికి తెలియును. గాలికి లేచిన ప్యానెల్ తనతోకూడ పాత కప్పును పెరికికొని పోవును.

నీడ విషయము కూడ చూడవలెను. ప్యానెళ్లు వరుసగా కలుపబడియుండుట వలన ఒకదాని మీద నీడ పడిన యెడల ఆ వరుసంతటి కరెంటు తగ్గవచ్చును. గంట గోపురపు నీడ, కొబ్బరిచెట్టు నీడ ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఎక్కడ పడుచున్నదో కొన్ని దినములు గుర్తు పెట్టుకొనవలెను.

చివరగా కనుచూపు. వీధి వైపు ముఖమును, సిలువయున్న శిఖరమును, తెలుగు రాయిని ప్యానెల్ గాని, పైపు గాని, మీటరు పెట్టె గాని కప్పివేయరాదు. తీగెలు వెనుక గోడ మీదుగా దింపవలెను. పిడుగుల నుండి కాపాడు ఏర్పాటు, ఎర్తింగు సరిగా ఉన్నవని లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేత వ్రాయించుకొనవలెను.

8. పిట్టగోడ ధర్మము

ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని, ఎవడైన పడి చచ్చిన యెడల ఆ రక్తదోషము ఇంటి మీదికి వచ్చునని ధర్మశాస్త్రములో ఉన్నది. నిటారైన పెంకుల వాలు మీదికి ఎక్కువాడు మన సంఘపు పిల్లవాడైనను, కూలివాడైనను, నడుమునకు త్రాడు, తలకు హెల్మెట్ లేకుండ ఎక్కరాదు. ఈ మాట ఒప్పంద పత్రములో వ్రాయవలెను. తరువాత ప్యానెళ్ల మీద దుమ్ము కడుగుటకు నెలనెల ఎవరు ఎక్కుదురు, ఏలాగు ఎక్కుదురు అనునది కూడ ముందే తీర్మానించవలెను. సురక్షితముగా ఎక్కుటకు దారి లేని చోట ప్యానెల్ పెట్టుట తగదు.

9. అనుమతులు, పత్రములు

మందిరపు స్థలము ఎవరి పేరున ఉన్నది? కొన్ని మందిరములు మిషను ట్రస్టు పేర, కొన్ని సొసైటీ పేర, మరికొన్ని రైల్వే, గని లేక కంపెనీవారి స్థలములో ఉన్నవి. స్థలపు యజమాని వ్రాతపూర్వకమైన అనుమతి లేనిది ఏ పనియు మొదలు పెట్టరాదు. కేంద్ర ప్రభుత్వ రక్షణలోనున్న స్మారకమునకు 100 మీటర్లలోపు నిషిద్ధ ప్రాంతమని, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని 2010లో సవరించిన చట్టము చెప్పుచున్నది. పాత కోటల దగ్గరనున్న సంఘములవారు దీనిని విచారించుకొనవలెను. ముంబయిలో 1995 నుండి చారిత్రక కట్టడములకు ప్రత్యేక నిబంధనలున్నవి.

పని మొదలు పెట్టక ముందు మందిరమును అన్ని వైపుల నుండి ఫోటోలు తీయించుడి. కప్పు, దూలములు, తెలుగు రాయి, కిటికీలు అన్నియు తీయవలెను. రాతి మీది మాటలను ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. సోలార్ పెట్టినను పెట్టకపోయినను ఈ పని వృథా కాదు.

ముగింపు

యెహోయాదా పెట్టెలోని ద్రవ్యమును పనివారికిచ్చుటకై అందుకొనినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని వ్రాయబడియున్నది. అటువంటి నమ్మకము ఒక దినములో కలుగునది కాదు. సంఘపు డబ్బుతో చేయు ఈ పనిలో కనీసము మూడు కొటేషన్లు తీసికొని, అందరి ముందు విప్పి, లెక్కలను నోటీసు బోర్డు మీద పెట్టిన యెడల ఆ నమ్మకము పెరుగును. రహస్యముగా తీర్మానించిన మంచి పని కూడ సంఘమును చీల్చగలదు.

మా అభిప్రాయము క్లుప్తముగా ఇది. మొదట కప్పు మరమ్మతు. రెండవది ఖర్చు తగ్గించుట. మూడవది వేరే కట్టడము మీద సోలార్. ఇవేవియు చాలనప్పుడు, హాని లేకుండ తీసివేయగల పద్ధతిలో, వీధికి కనబడని వాలు మీద. ఈ క్రమములో నడచిన సంఘమునకు యౌవనస్థుల ఉత్సాహమును, పెద్దల జ్ఞాపకమును రెండును దక్కును.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన మందిరము కట్టినవారిలో ఎందరి పేర్లు మనకు తెలియును? ఆ సంగతులు ఎక్కడైన వ్రాయబడియున్నవా?

2. మన మందిరపు కప్పు ఏ తరహాది? చివరిసారి ఎప్పుడు మరమ్మతు జరిగినది?

3. గత 12 నెలల బిల్లుల ప్రకారము నెలకు సగటున ఎన్ని యూనిట్లు ఖర్చగుచున్నవి? అందులో ఫ్యాన్ల భాగమెంత?

4. కాంపౌండులో ఎండ తగులు ఇతర కప్పులు ఏవి?

5. పైని ఐదు ప్రశ్నలకు మన సంఘము ఇచ్చు జవాబులేవి? మనలో భేదాభిప్రాయము ఎక్కడ వచ్చుచున్నది?

6. నూరేండ్ల తరువాత మన మందిరమును చూచువారు, మన తరము దానికి ఏమి చేసెనని చెప్పుకొనవలెను?